మూడు రాజులు ఓడిన ఆట

మద్దిలేటి పేక కలుపుతుంటే చూసినోళ్ళు, ఆ వేళ్ళు మగ్గం కాడ పెరిగినయని ఇట్టే గుర్తుపడ్తుండ్రి. ఆయనది అమరచింత. నాయన నేతగాడు, తాత నేతగాడు. ఆయన కూడ ఇరవై ఐదేండ్ల దాకా పట్టుపోగుల మీదనే బతికిండు. తర్వాత మగ్గం ఆగింది. మగ్గం ఆగిందని కడుపు ఆగుతదా? పెండ్లాం తిరుపతమ్మను ఎంటబెట్టుకొని గద్వాలకొచ్చి ఒక క్లబ్బుల పనికి కుదిరిండు. కుర్చీలు తుడుసుడు, నీళ్ళిచ్చుడు, పేకలు కలిపి పెట్టుడు. రెండేండ్లు తిరగకముందే ఆ క్లబ్బుల పేక కట్ట ఇంకొకరి చేతికి పోవుడే బందైంది.

అయితే ఆయన గొప్పతనం చేతిల లేదు, నోట్ల ఉండె. మూడు ముక్కలాటల కొట్లాట రాని దినముంటదా? "షో అడిగినంక ముక్క మార్చినవ్" అని ఒకడు, "నీ కండ్లు దొబ్బినయా" అని ఇంకొకడు. వకీళ్ళు, మిల్లు సేట్లు, ఆఫీసర్లు, అందరు చదువుకున్నోళ్ళే. సిగ్గు శరం లేకుంట కాలర్లు పట్టుకునే కాడికి వస్తుండ్రి. అప్పుడు ఎవడో ఒకడు "మద్దిలేటిని పిలువుండ్రి" అంటుండె. ఆయన తువ్వాలతోని చేతులు తుడుచుకొని వచ్చి, ముక్కలు చూసి, ఒక్క మాట చెప్తుండె. ఇగ అయిపాయె. ఓడినోడు ఎంత పెద్ద ఆఫీసరైనా నోరు మూసుకొని ముక్కలు కింద పెడ్తుండె. ఇరవై రెండేండ్లల ఆయన ఒక్కసారి మాట మార్చలే. ఒక సేటు చాటుకు పిలిచి జేబుల నోటు పెట్టబోతే, "నాకు జీతం క్లబ్బు ఇస్తది సేట్" అని అందరి ముంగట తీసి టేబుల్ మీద పెట్టిండు. గసొంటి మనిషి ఆయన. తర్వాత జరిగింది చెప్పబోతే నోరంత చేదైతది.

రెండు వేల ఎనిమిదిల ఆ క్లబ్బుకు గడ్డుకాలం వచ్చింది. పోలీసోళ్ళు రెండు మాట్లు దాడి చేసిండ్రు. ఎండకాలం దాటంగనే తాళం ఏస్తమని క్లబ్బు పెద్దమనుషులు తేల్చి చెప్పిండ్రు. మద్దిలేటికి యాభై దగ్గర పడ్డయి. మగ్గం మీద కూసుందామంటే చూపు ఆనదు, నడుము ఒంగదు. హమాలీ పనికి పోదామంటే ఒంట్ల సత్తువ లేదు. పిల్లలు లేరు, ఆయనా తిరుపతమ్మా, ఇద్దరే. "ఏం జేద్దమయ్యా?" అని ఆమె దినాం అడుగుడు, "చూద్దాం తియ్యి" అని ఈయన దినాం అనుడు.

సరిగ్గ గప్పుడే శ్రవణ్ కుమార్ దిగిండు. కాలువ పనులు చేసే కాంట్రాక్టరు. వయసు ముప్పై ఐదు, మెడల గొలుసు, చేతిల రెండు ఫోన్లు. కొల్లాపూర్ కాడ మామిడితోట కొని అండ్ల గెస్ట్ హౌజ్ కట్టిండు. గోవ పోయి వారం ఉండి వచ్చిండంట, ఆ పూనకం ఇంకా దిగలే.

"మద్దిలేటీ, ఓడ మీద ఆడిన! క్యాసినో అంటరు దాన్ని. మన లెక్క లొల్లి ఉండదు. పచ్చ బట్ట పరిచిన టేబుల్, పంచేటోడు కోటు ఏసుకొని నిలబడ్తడు. మూడు ముక్కల పోకర్ అని ఒక ఆట ఉన్నది, మస్తుంటది. కని నా మూడు జాకీలు ఓడగొట్టిండు ఆ పోరడు. ట్రయిల్! మూడు జాకీలు పట్టుకొని ఓడిన. ఆడ రూలే గట్లంట."

"ట్రయిల్ ఓడుడేంది సార్?" అన్నడు మద్దిలేటి. మూడు ఒకే తీరు ముక్కలు పడ్తె దానికి మించింది లేదని గద్వాలల పేక ముట్టిన ప్రతోనికి తెల్సు.

"ఓడ్తదంట! గందుకే నేర్చుకో. మామిడి కోతలప్పుడు తోటల పెద్ద ఇంజనీరు సారుకు దావత్ ఇస్తున్న. ఆ ఆట నీవే పంచాలె." జేబులకెళ్ళి మడత పెట్టిన కాగితాలు తీసిండు. "రూల్స్ మొత్తం ఇండ్ల ఉన్నయి. గోవల ఎట్లనో గట్లనే ఉండాలె, ఒక్కటి తప్పొద్దు. సక్కగ చేస్తివా, గెస్ట్ హౌజ్ నీకే అప్పజెప్త. నీవూ నీ పెండ్లాం ఆడనే ఉండుండ్రి, బతికినన్ని దినాలు."

బతికినన్ని దినాలు! ఆ మాట మద్దిలేటి ఇంటికొచ్చినంక తిరుపతమ్మకు నాలుగు మాట్లు చెప్పిండు. ఆమె నాలుగు మాట్లు చెప్పించుకున్నది.

కాగితాలేమో ఇంగ్లీషు. మద్దిలేటికి తెలుగే కూడబలుక్కొని చదువుడొస్తది. అందుకని మూడిండ్ల అవతల ఉండే అబ్దుల్ రహమాన్ కాడికి పోయిండు. డెబ్బై ఏండ్ల ముసలాయన, పోస్టాఫీసుల టెలిగ్రాములు చూసిండు ముప్పై ఏండ్లు. టెలిగ్రాముకు తార్ అంటరు గద, ఊరంత తార్ సాబ్ అనే పిలుస్తది. పొరుగూర్లకెళ్ళి తార్ పట్టుకొని వచ్చినోళ్ళకు చదివి చెప్పింది ఆయననే. చావు కబురైనా, పెండ్లి కబురైనా, ఉన్నది ఉన్నట్టు చదివిండు. "ఒక్క అక్షరం అటిటు చేస్తిననుకో బేటా, బతికినోని ఇంట్ల ఏడుపు మొదలైతది" అంటుండె. రిటైరైనంక కూడ బ్యాంకు చిట్టీలు, దవాఖాన కాగితాలు, కోర్టు నోటీసులు ఏవి వచ్చినా గల్లీ ఆయన అరుగు మీదికే తెస్తుండె. పైస తీసుకోడు. ఆయనకున్న ఆస్తి ఆ ఇంగ్లీషే.

"జూదం కాగితమారా ఇది!" అని ముందుగాల మొకం చిట్లించిండు. ఎన్కకెళ్ళి ఆయన పెండ్లాం రజియాబీ, "ముసలోడైనంక ఇదొక్కటి తక్కువైంది మా మియాకు" అని గొణిగింది. మద్దిలేటి తన బతుకు సంగతి చెప్పిండు. ముసలాయన "చదువుడు గునా కాదు, పాపం తగలదు లే. ముక్క మాత్రం ముట్ట" అన్నడు. అట్లనే చేసిండు గూడ. నెల దినాలు ఆట నేర్పిండు గని ఒక్క ముక్క చేతితోని ముట్టలే.

దినాం పగటి అన్నం తిన్నంక మద్దిలేటి ఇంటి ముంగట తడికె నీడకు చాప ఏస్తుండ్రి. తార్ సాబ్ అద్దాలు సవరించుకొని కాగితం చదువుడు, ఏ ముక్క యాడ పెట్టాల్నో చేతికర్రతోని చూపుడు. తిరుపతమ్మ ఆడేటామె, మద్దిలేటి పంచేటాయన. పందెం బిళ్ళలకు బదులు చింతపిక్కలు.

ఆట చెప్పాలంటే పెద్ద కష్టమేం కాదు. మన ఆట లెక్క ఒకరి మీద ఒకరు ఆడుడు లేదు, చూడకుంట పందెం పెంచుడు లేదు, బుకాయించుడు అసలే లేదు. ప్రతొక్కడు పంచేటోని మీదనే ఆడాలె. ముందుగాల ఒక పందెం పెడ్తె మూడు ముక్కలొస్తయి. నచ్చకుంటె పడేసి ఆ పందెం ఇడిసిపెట్టాలె. నచ్చితె అంతే పందెం ఇంకొకటి పెట్టాలె. అప్పుడు పంచేటోడు తన మూడు తిప్పుతడు. ఆయనకు జత, వరుస, ఒకే రంగు అసొంటివేం పడక, రాణి గాని అంతకు పెద్ద ముక్క గాని గూడ లేకుంటె ఆయన ఆటల లేనట్టే, మొదటి పందెం గెలిచినట్టు, రెండోది వాపసు.

"ఇదేం ఆట? దొంగతనం లేదు, దబాయింపు లేదు" అన్నది తిరుపతమ్మ. అనుకుంటనే రెండు దినాలల్ల దోసెడు చింతపిక్కలు గెలిచింది.

గుండ్రాయి లెక్క అడ్డం పడ్డది ఒక్కటే రూలు. ఒకే రంగుల వరుసగ మూడు ముక్కలు, ప్యూర్ అంటరే, అది ఈ ఆటల ట్రయిల్ కంటె పెద్దది. మద్దిలేటి నోటికి అది ఎక్కలే. ఇరవై రెండేండ్లు ట్రయిలే పెద్దదని తీర్పు చెప్పిన నోరాయె. తిరుపతమ్మ చేతిల మూడు తొమ్మిదులు కనపడంగనే ఈయన చెయ్యి దానంతటదే పిక్కలు ఆమె దిక్కు తోస్తుండె. తార్ సాబ్ కర్రతోని మణికట్టు మీద ఒక్కటి ఏస్తుండె.

"ఎందుకు పెద్దది చాచా? కారణం చెప్తె నోటికెక్కుతది" అన్నడు ఒకనాడు.

ముసలాయన దానికి రెండు దినాలు తీసుకున్నడు. క్యాలెండర్ ఎన్క దిక్కు అంకెలు రాసుకొని వచ్చిండు. "యాభై రెండు ముక్కలల్ల ట్రయిల్ యాభై రెండు తీర్ల పడొచ్చు. ప్యూర్ నలభై ఎనిమిది తీర్లే. తక్కువ పడేది పెద్దది. వాళ్ళ లెక్క సాఫ్ ఉన్నది."

"అయితే మనోళ్ళు ఇన్నేండ్లు తప్పాడినట్టా?"

"మన రివాజు మనది, వాళ్ళ రివాజు వాళ్ళది. కాగితంల ఏమున్నదో అదే చదువుత నేను."

ఆ దినం సంది మద్దిలేటి చెయ్యి తప్పలే. ఇంకొక రూలు కూడ పట్టిండు. ట్రయిల్ పట్టుకొని ఓడినా సరే, మొదటి పందెం మీద ఒకటికి నాలుగు బోనస్ ఇయ్యాలె. అంటే ట్రయిలోడు ఓడిపోయి కూడ లాభంతోనే లేస్తడు. "ఓడినోన్ని గింత మంచిగ చూసుకునే ఆట నేనెప్పుడు చూడలే" అని ముగ్గురు నవ్విండ్రు.

మే నెలల జీపొచ్చింది. పెబ్బేరు మీదికెళ్ళి కొల్లాపూర్ పోయేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. తోటంత మామిడిపండ్ల వాసన. కాయలు తెంపేటోళ్ళు ఒక దిక్కు, దావత్ ఒక దిక్కు. శ్రవణ్ కుమార్ మద్దిలేటికి నల్ల కోటు తొడిగించిండు, భుజాల కాడ ఇంత వదులు. గెస్ట్ హౌజ్ ఎన్కకు ఒక రూము చూపెట్టి, "గిదే మీది" అన్నడు. కిటికీ ఉన్నది, వంటకు గట్టు ఉన్నది. తిరుపతమ్మ పొయ్యి యాడ పెట్టుకుంటదో మద్దిలేటి మనసుల అప్పుడే అనుకున్నడు.

పచ్చ బట్ట టేబుల్ చుట్టు పదిమంది. నడుమ ఇంజనీరు సారు, మంచి లావు మనిషి, కాలువ బిల్లు మీద ఆయన దస్తకతు పడాలె. గద్వాల వకీళ్ళు కూడ ఇద్దరున్నరు. ఆట మొదలుపెట్టక ముందు మద్దిలేటి రూలన్నీ ఒక్కొక్కటి చెప్పిండు. ఎవడు ఇంటడు? చేతిల గ్లాసులు, నోట్ల మాంసం ముక్కలు. "పంచవయ్యా, మాకు రాని మూడు ముక్కలా?" అన్నరు. గంటసేపు ఆట గమ్మత్తుగ నడిచింది. శ్రవణ్ కుమార్ మొకం వెలిగిపోతుంటే మద్దిలేటికి గూడ గుండె నిండింది.

అప్పుడు పడ్డయి ఇంజనీరు సారుకు మూడు రాజులు.

ఆయన రెండో పందెం పెట్టి ముక్కలు టేబుల్ మీద కొట్టిండు. టేబుల్ చుట్టు ఉన్నోళ్ళు ఓహో అన్నరు. మద్దిలేటి తన మూడు తిప్పిండు. ఆఠీన్ నాలుగు, ఆఠీన్ ఐదు, ఆఠీన్ ఆరు. ఆయన చెయ్యి జరంత గూడ తడబడలే.

"ప్యూర్. ఈ ఆటల ట్రయిల్ కంటె ప్యూర్ పెద్దది సార్. పందెం పోయింది."

"ఏందీ?"

"పందెం పోయింది సార్. బోనస్ ఉన్నది. ఒకటికి నాలుగొస్తది, మీకే లాభం..."

"బోనస్ ఎవనిక్కావాలెరా! బిచ్చమేస్తున్నవా?" ఇంజనీరు సారు కుర్చీ ఎన్కకు తోసి లేచిండు. "మూడు రాజులు చూపెడ్తె ఓడిన అంటవా? నాలుగు, ఐదు, ఆరు పెట్టుకొని నా మీద గెలుస్తవా? శ్రవణ్, ఇంటికి పిలిచి మోసం చేపిస్తున్నవా నన్ను?" చుట్టున్నోళ్ళు కూడ అందుకున్నరు. ట్రయిల్ ఓడుడేంది, యాడన్న విన్నమా, ఇది పాలమూరా ఇంకేమన్ననా? ఒక వకీలు "మద్దిలేటి గూడ చెడిపోయిండు పో" అన్నడు.

మద్దిలేటి శ్రవణ్ కుమార్ దిక్కు చూసిండు. ఆయనకు తెల్సు గద. మూడు జాకీలు అట్లనే పోగొట్టుకొని వచ్చినోడాయె. ఒక్క మాట అంటె సరిపాయె.

శ్రవణ్ కుమార్ ఆ చూపు తప్పించుకొని నవ్విండు. "సార్, సార్, కూసోండ్రి. తప్పు మాదే. వీనికి ఇంగ్లీషు రాదు సార్. ఎవడో తప్పు చదివి చెప్పిండు, వీడు గదే పట్టుకొచ్చిండు. అంతే గద మద్దిలేటి? చెప్పు సారుకు."

అందరు ఈయన నోటి దిక్కే చూస్తుండ్రి. ఇరవై రెండేండ్లు చూసినట్టే. మద్దిలేటి కండ్లల్ల ఏం మెదిలిందో వేరే చెప్పాల్నా? కిటికీ ఉన్న రూము మెదిలింది, తాళం పడే క్లబ్బు మెదిలింది.

"అవును సార్" అన్నడు. "చదివి చెప్పినాయన తప్పు చదివిండు."

"ఎవడా పండితుడు?" అన్నడు ఇంజనీరు.

ఊకున్నా పోయేది. నేనే తప్పు విన్న అన్నా పోయేది. ఆ గడియల బుద్ధికి ఏం పుట్టిందో ఏమో! "మా గల్లీల ఉంటడు సార్. తార్ సాబ్ అంటరు."

గద్వాల వకీళ్ళు పకపక నవ్విండ్రు. "ముసలాయనకు మతి తప్పింది పో! కోర్టు నోటీసులు గూడ గిట్లనే చదువుతుండేమో!" ఇంజనీరు సారు గూడ నవ్వి కూసున్నడు. గండం గడిచింది. మద్దిలేటి బిళ్ళలు లెక్కపెట్టి ఆయన దిక్కు తోసిండు. ఈసారి రెండు బిళ్ళలు జారి కింద పడ్డయి.

ఇంటికొచ్చినంక తిరుపతమ్మ అడిగితే, "మంచిగనే అయింది" అన్నడు. గెస్ట్ హౌజ్ల కూలర్ గురించి చెప్పిండు, మామిడిపండ్ల గురించి చెప్పిండు. అసలు సంగతి కడుపుల పెట్టుకున్నడు.

పదిహేను దినాలు కబురు లేదు. క్లబ్బుకు తాళం పడ్డది. ఇగ లాభం లేదని కొల్లాపూర్ బస్సెక్కి తోటకు పోతె, ఆ రూముల ఎవరిదో చాప పరిచి ఉన్నది, దండెం మీద ఎవరియో బట్టలు. శ్రవణ్ కుమార్ బయటికొచ్చిండు గని కూసోమనలే.

"వేరేటోన్ని పెట్టుకున్న మద్దిలేటి."

"మాటిచ్చిండ్రు గద సార్. ఆట సక్కగ చేసిన గద. రూలు మీకు తెల్సు."

"తెల్సయ్యా. నాకు తెల్సు, నీకు తెల్సు. కని నలుగురిల నీ నోటితోనే తప్పయిందంటివి. రేపు ఇంజనీరు సారొస్తె నీ చేతి ముక్క ముడతడా? వచ్చేటోళ్ళకేం చెప్పాలె నేను?" అని ఫోన్ చెవికి పెట్టుకొని లోపలికి పోయిండు.

ఎంత నీతిగ చెప్పిండు చూసిండ్రా! అబద్ధం చెప్పించినోడు వాడే, అబద్ధమాడినోన్ని నమ్మనన్నోడు వాడే. వాని నోట్ల మన్ను పడ. కని తప్పయిందన్నది మద్దిలేటి నోరే గద. అదే అసలు బాధ.

ఆ పొద్దు తిరుపతమ్మకు మొత్తం చెప్పిండు. ఊర్ల లేచిన ముచ్చటను అప్పటిదాక ఆమె నమ్మలే. ఆమె నౌకరీ గురించి ఒక్క మాట అనలే. "చాచా పేరెందుకు తీస్తివి?" అన్నది. "తప్పు నాదే అంటె నీ సొమ్మేం పోయె?" ఇగ ఆ పూట పొయ్యి ముట్టియ్యలే.

గద్వాల ఎంత ఊరని? దావత్ కాడికెళ్ళి వకీళ్ళు తిరిగొచ్చిన తెల్లారే చాయ్ హోటళ్ళల్ల ఇదే ముచ్చట. "తార్ సాబ్, జర మా కరెంటు బిల్లు చూడుండ్రి, కని సక్కగ చదువుండ్రి" అని నవ్విండ్రు. నవ్వులు రెండు దినాలల్ల ఆగినయి గని, అరుగు మీదికి కాగితాలు వచ్చుడు గూడ ఆగింది. మనవని దవాఖాన చీటీ పట్టుకొని ఆయన ఇంటి ముంగటికెళ్ళే మెడికల్ షాపుకు పోయింది గల్లీల ఉండే ఎంకమ్మ. ఆమె కొడుకు కబురుతోని వచ్చిన తార్ పదేండ్ల కింద చదివింది ఆయననే.

మద్దిలేటి కొల్లాపూర్ పోయొచ్చిన మూడో దినం తార్ సాబ్ కర్ర పట్టుకొని వచ్చిండు. కోపంతోని వచ్చిండనుకొని మద్దిలేటి లేచి నిలబడ్డడు. తిట్టినా, నాలుగు దెబ్బలేసినా పడుదామనుకున్నడు. ముసలాయన మొకంల కోపం లేదు. కండ్లకింద నల్లగయింది, నిద్ర లేనట్టున్నది. మెల్లగ చాప మీద కూసున్నడు.

"బేటా, ఆ కాగితాలు ఇంకా ఉన్నయా? జర ఇయ్యి" అన్నడు. "నేనెక్కడ తప్పు చదివిన్నో చూడాలె. పదిహేను దినాల సంది డిక్షనరీ ముంగటేసుకొని గుర్తు చేసుకుంటున్న, దొరుకతలేదు. నువ్వు చెప్పినవంటె తప్పు నాదే అయి ఉంటది. నువ్వు టేబుల్ కాడ అబద్ధమాడవు."

మద్దిలేటి ఆయన ముంగట కూసొని, తల ఎత్తకుంట, మొత్తం చెప్పిండు. రూలు సరిగ్గనే ఉండెనని, సరిగ్గనే చెప్పిన్నని, తర్వాత తానేమన్నడో, ఎందుకన్నడో. "నీవు తప్పు చదవలే చాచా. నేనే..."

తార్ సాబ్ అద్దాలు తీసి లుంగీ కొసతోని తుడుచుకున్నడు.

"నౌకరన్న వచ్చిందా?" అని అడిగిండు.

"రాలే చాచా."

"వస్తె బాగుండె" అన్నడు ముసలాయన. కర్ర ఊని లేచి, చెప్పులు ఏసుకొని పోయిండు.

మద్దిలేటి ఇప్పుడు వనపర్తి బస్టాండుల సైకిళ్ళు చూసుకుంటడు. గద్వాలల ఇల్లు ఇడిసిపెట్టలే, వారానికొక్కసారి వస్తడు. ఆ గల్లీలకెళ్ళే పోవాలె. అబ్దుల్ రహమాన్ అరుగు మీదనే ఉంటడు, సలాం పెడ్తె సలాం చెప్తడు. కూసోమని మాత్రం అనడు.